సాల్వియాలు వాడిపోతున్నాయని ఇంకా నీళ్ళు పోయకండి

ప్రశ్న: నమస్తే సార్. మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి, వరి, కొబ్బరి చేస్తాం. దీపావళి వెళ్ళాక మావారు కడియం నుంచి ఎర్ర సాల్వియా, నీలం సాల్వియా కలిపి 24 మొక్కలు, నూరువరహాలు 4, ముద్దమందార 2 తెస్తే గుమ్మం ముందు నేలలో వేశాం. తుఫాను వానలు తగ్గి ఎండొచ్చిన దగ్గర్నుంచి సాల్వియాలు తలలు వేలాడేస్తున్నాయి, రెండు పూటలా నీళ్ళు పోస్తున్నా 10 చచ్చిపోయాయి. నూరువరహాలు లేతాకులు పసుపు రంగుకి తిరిగాయి, మందార మొగ్గల దగ్గర తెల్లగా దూదిలా పట్టింది. ఏం మందు కొట్టమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ నీళ్ళు ఆపేయండి, మందు సంగతి తర్వాత చూద్దాం. మొక్క వాడితే దాహమేసిందనే అనుకుంటాం, ఎవరమైనా అంతే, కానీ మీ సాల్వియాలు నీళ్ళు లేక వాడట్లేదు, నీళ్ళెక్కువై వేర్లు కుళ్ళిపోయి పైకి లాగలేక వాడుతున్నాయి. వాడిన మొక్క ఒకటి పీకి సన్న వేరుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూడండి, మంచి వేరైతే తెల్లగా గట్టిగా ఉంటుంది, కుళ్ళిందైతే పై తొక్క గోధుమ రంగులో మెత్తగా జారి ఊడొచ్చేసి లోపల దారం లాంటి నార ఒక్కటే వేళ్ళలో మిగులుతుంది, వాసన కూడా మురుగ్గా ఉంటుంది.

ఆ పీకిన చోటే ఇంకోటి చూడండి. కవర్లో వచ్చిన మట్టి గడ్డ గడ్డలాగే ఉండి, వేర్లు దాంట్లోనే చుట్టుకుని మన నల్ల బంకమట్టిలోకి రాకుండా ఆగిపోయాయా? చాలా ఇళ్ళల్లో జరిగేది ఇదే. బంకమట్టిలో కవరు పట్టేంత గుంట తీసి గడ్డని కూర్చోబెడితే ఆ గుంట కుండలాగా అయిపోతుంది, వానైనా మీరు పోసిందైనా లోపల నిలబడాల్సిందే. అందులోనూ కోనసీమలో వానాకాలంలో నాలుగు పారలు తవ్వితే నీరూరుతుంది, అలాంటి నేలలో సాల్వియాని సమానంగా నాటితే బతకదమ్మా. ఇది తులసి కుటుంబం మొక్కే, కాడ తడిమి చూస్తే తులసి కాడలాగే నాలుగు పలకలుంటాయి, మరి తులసికి కోట కట్టి ఎత్తులో పెడతాం కదా, దీనికీ ఆ ఎత్తే కావాలి.

కాబట్టి బతికున్న 14 మొక్కల్నీ సాయంత్రం పూట జాగ్రత్తగా లేపి వేరే మడిలోకి మార్చండి. అడుగు ఎత్తు మడి చేసి, ఇటుకలో కొబ్బరి దుంగలో ఏది ఉంటే అది చుట్టూ పెట్టండి. రెండు తట్టల మట్టికి ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు, ఒక తట్ట రైస్‌మిల్లు నల్ల ఊక కలపండి, నల్లగా కాలిన ఊకే తీసుకోండి, తెల్ల బూడిద వద్దు, అది క్షారం పెంచేస్తుంది. కొబ్బరి పొట్టు మీ ఊళ్ళో దొరుకుతుంది గానీ పచ్చిది వేయకూడదు, మూడు నాలుగు సార్లు కడిగి మాగబెట్టాకే వేయాలి. నాటేటప్పుడు ఆ మట్టి గడ్డ అంచుల్ని వేళ్ళతో కాస్త విప్పి వేర్లని బయటికి తీయండి. నాటాక కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదలు తడిసేలా పోయండి. మళ్ళీ 15 రోజులు ఆగి, 10 కిలోల మాగిన ఎరువులో 200 గ్రాముల ట్రైకోడెర్మా, అంటే కుళ్ళు తెచ్చే బూజుని అణిచే మంచి బూజు పొడి, కలిపి మొదళ్ళలో వేయండి, రెండూ ఒకేసారి వేస్తే మాత్రం ఆ మంచి బూజు కూడా చచ్చిపోతుంది, డబ్బు దండగ. ఇకమీదట మట్టిలో వేలు పెట్టి రెండు కణుపుల లోతు వరకు పొడిగా ఉంటేనే నీళ్ళు.

రెండు సాల్వియాలూ ఒకటి కాదండి. ఎర్రదాని సొంతూరు బ్రెజిల్, మన దగ్గర చలికాలం పంట, ఏప్రిల్ ఉక్కకి పోతుంది, అప్పుడు పోయిందని బాధపడకండి. నీలంది టెక్సస్, మెక్సికో వైపుది, ఎండకి ఇంకొంచెం ఓర్చుకుంటుంది, మార్చిలో సగానికి కత్తిరించి మధ్యాహ్నం నీడ పడే చోట ఉంచితే కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది. మార్చిన మొక్కలు కుదురుకున్నాక కొస చిగురు తుంచండి, పక్క కొమ్మలొచ్చి గుబురవుతుంది. ఎర్ర సాల్వియాలో అసలు పువ్వు రాలిపోయినా దాని చుట్టూ ఉన్న రక్షకపత్రాలు ఎర్రగానే ఉంటాయి, అందుకని ఇంకా పూస్తోందనే అనుకుంటాం, దగ్గరగా చూసి లోపలి గొట్టం రాలిపోయి ఉంటే ఆ కంకి తీసేయండి, కొత్తది వస్తుంది. తేనెపిట్టలు వస్తాయి చూడండి దీనికి, అందుకే పురుగు మందులు వద్దంటాను.

నూరువరహాలకి జబ్బు కాదు. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యభాగం పసుపయిందంటే ఇనుము అందట్లేదన్నమాట, మట్టిలో క్షారం, నీళ్ళ నిలవ రెండూ కారణమే. అన్నభేది, అదే ఫెర్రస్ సల్ఫేట్, లీటరుకి 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి వారానికోసారి మూడు సార్లు ఆకుల మీద పిచికారీ చేయండి, ఇంటి గోడ సున్నం రాలే చోట నాటుంటే అక్కణ్ణుంచి మార్చేయండి.

మందారకి పట్టింది పిండినల్లి. బాగా పట్టిన కొసలు కత్తిరించి కాల్చేయండి, మిగతాదాన్ని పైపు నీళ్ళతో గట్టిగా కొట్టి కడిగి, 1500 పీపీఎం వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బుపొడి కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం తర్వాత మళ్ళీ. చీమలు ఎక్కుతుంటే వాటి పుట్ట కూడా చూసుకోవాలి, పిండినల్లిని కాపలా కాసేది అవే. ఆ పూలు తలనూనెలో కాస్తారు, దేవుడికి పెడతారు, కాబట్టి ఘాటు మందుల జోలికి వెళ్ళకండి.

వేసవిలో కాలవలు కట్టేశాక బోరు నీళ్ళే దిక్కవుతాయి, అవి ఉప్పగా ఉంటే ముందే టెస్ట్ చేయించండి, నీళ్ళలో ఉప్పెంతుందో చెప్పే ఈసీ అంకె 2 దాటితే సాల్వియాకి పోయొద్దు. ఎర్రదాని గింజలు మార్చిలోపే తీసుకోండి, ఎండిన కంకిలో ఒక్కో పువ్వు రక్షకపత్రాల గిన్నె అడుగున నాలుగు దాకా నల్లటి గింజలుంటాయి, పొడి సీసాలో దాచి సెప్టెంబరు చివర్లో ట్రేలో పైపైన చల్లండి, మట్టి కప్పకండి, మొలవడానికి వాటికి వెలుతురు కావాలి.