అల్యూమినియం ఎవరి పక్కన ఉంది?

ప్రశ్న: మాస్టారూ, మాది కోరాపుట్ జిల్లా జయపురం. బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. దామన్‌జోడీలో నాల్కో అల్యూమినియం కంపెనీ వాళ్లు డిటర్జెంట్ల కోసం జియోలైట్-ఎ (సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ల చట్రంతో సన్నని రంధ్రాలుండే స్ఫటికం) యూనిట్ పెట్టారని మా బాబాయి చెప్పాడు. స్ఫటికంలో ఏ పరమాణువు ఎక్కడుందో ఎక్స్-రే చెబుతుంది కదా, మరి జియోలైట్లకు ఎన్ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) ఎందుకు? పైగా జియోలైట్-ఎ సిలికాన్ స్పెక్ట్రమ్‌లో ఒకే పీక్ వస్తుందట. ఆ ఒక్కదాంతో అమరిక ఎలా తెలుస్తుంది?
— ఒక విద్యార్థిని, జయపురం

జవాబు: అమ్మా, నీ రెండో ప్రశ్న చూసి చాలా సంతోషించాను. 1980 ప్రాంతంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తర్జనభర్జన పడింది సరిగ్గా దాని మీదే.

ముందు ఎక్స్-రే సంగతి. అది చూసేది ఎలక్ట్రాన్లను. సిలికాన్‌కు 14, అల్యూమినియంకు 13. ఆ ఒక్క తేడాతో రెంటినీ విడదీయడం చాలా కష్టం. ఎన్ఎంఆర్ కేంద్రకాన్ని అడుగుతుంది. సిలికాన్‌లో నూటికి 4.7 వంతులుండే సిలికాన్-29 మాత్రమే దానికి పలుకుతుంది. ఘనపదార్థంలో పీక్‌లు వెడల్పయి కలిసిపోతాయి కనుక, పొడిని చిన్న రోటర్‌లో కూరి, అయస్కాంత క్షేత్రానికి 54.7 డిగ్రీల వాలులో సెకనుకు వేలసార్లు తిప్పుతారు. అప్పుడు పీక్‌లు సన్నగా విడివడతాయి.

జియోలైట్‌లో ప్రతి సిలికాన్‌కూ, నడుమ ఆక్సిజన్‌తో, నలుగురు పొరుగువాళ్లు. ఆ నలుగురిలో ఎందరు అల్యూమినియం అన్నదాన్ని బట్టి పీక్ జరుగుతుంది. ఫాజసైట్ అనే మరో రకం జియోలైట్‌లో నలుగురూ అల్యూమినియమైతే పీక్ సుమారు −84 పీపీఎం (పీక్ స్థానాన్ని చెప్పే కొలత) దగ్గర వస్తుంది. ఒక్కో అల్యూమినియం తగ్గేకొద్దీ అయిదేసి చొప్పున జరిగి, ఒక్కటీ లేకపోతే −105 దగ్గర తేలుతుంది. ఎస్టోనియాలో లిప్‌మా బృందం ఈ మెట్లను బయటపెట్టింది.

ఇక జియోలైట్-ఎ. దాని ఏకైక పీక్ −89 దాటి వస్తుంది. ఫాజసైట్ లెక్కన అది ముగ్గురు అల్యూమినియం, ఒక సిలికాన్ ఉన్న చోటు. కానీ జియోలైట్-ఎలో సిలికాన్, అల్యూమినియం సమానం. ప్రతి సిలికాన్‌కూ ముగ్గురే అల్యూమినియం పొరుగైతే, అల్యూమినియం పక్కన అల్యూమినియం రాక తప్పదు. అలా ఉండదని 1954లోనే లోవెన్‌స్టైన్ సూత్రం. దాంతో సూత్రమే తప్పేమో అన్నంతదాకా వెళ్లారు! చిక్కు విప్పింది జెడ్‌కే-4 అనే జియోలైట్. అదే చట్రం, సిలికాన్ ఎక్కువ. అందులో −89 దగ్గరి పీక్ మొదటి మెట్టు, మిగతావన్నీ దానికి అవతలే. అంటే ఈ చట్రంలో −89 నలుగురు అల్యూమినియం ఉన్న స్థానమే, బంధకోణాల వల్ల జరిగిందంతే. సిలికాన్, అల్యూమినియం ఒకటి విడిచి ఒకటి. సూత్రం నిలబడింది. నీ ప్రశ్నకు జవాబు ఇదే: పీక్ స్థానాన్ని చట్రంతోనూ, రసాయన విశ్లేషణతోనూ కలిపి చదవాలి.

ఇదంతా ఎందుకంటావేమో. ప్రతి అల్యూమినియం చట్రానికి ఒక రుణావేశం తెస్తుంది. దాని కోసం నిలిచిన సోడియమే కఠినజలంలోని కాల్షియంతో చోటు మార్చుకుంటుంది. ఉత్ప్రేరకాల్లో ఆమ్లస్థానాలు కూడా అల్యూమినియం ఉన్నచోటే.

పై చదువుకు వెళితే పుణె జాతీయ రసాయన ప్రయోగశాల వైపు చూడు, జియోలైట్ల మీద అక్కడ చాలా పని జరిగింది. ఈలోగా ఒక అభ్యాసం: పీక్‌ల వైశాల్యాల మొత్తాన్ని, ఒక్కో వైశాల్యాన్ని దాని అల్యూమినియం పొరుగుల సంఖ్యతో హెచ్చించి నాలుగో వంతు తీసిన వాటి మొత్తంతో భాగించు. వచ్చేది చట్రంలోని సిలికాన్, అల్యూమినియం నిష్పత్తి. రసాయన విశ్లేషణలో అల్యూమినియం అంతకంటే ఎక్కువ తేలితే, మిగిలింది చట్రం బయట ఉందన్నమాట. అల్యూమినియం-27 స్పెక్ట్రమ్‌లో సున్నా దగ్గర వెతుకు, చాలాసార్లు అక్కడ కనిపిస్తుంది.