"నీకు నాన్న లేడా?" అని అడిగితే

ప్రశ్న: యూకేజీలో 'నా కుటుంబం' చార్టు చేయించాం. అమ్మ, నాన్న, అన్న, చెల్లి అని గళ్లు. ఒక పాప నాన్న గడి ఖాళీగా వదిలేసింది. "నీకు నాన్న లేడా?" అన్నాడు పక్కనున్న బాబు. పాప రెండ్రోజులు బడికి రాలేదు. వాళ్లమ్మ కువైట్‌లో, నాన్న వేరుగా ఉంటారు, పెంచేది అమ్మమ్మ. పిల్లలకు ఎలా చెప్పాలి?
- ఒక టీచర్, రాయచోటి

జవాబు: ముందు ఆ చార్టు తీసేయండి. ఆ బాబు వెక్కిరించలేదు. అయిదేళ్లవాళ్లకు గడి ఉన్నదే నింపడానికి, ఖాళీగా కనబడితే ఎందుకని అడుగుతారు.

వాటర్ బాటిల్ మూతలు పోగుచేయండి. చింతపిక్కలు వద్దు, ముక్కులో దూర్చుకుంటారు. ఆరుగురిని ఒక జట్టుగా కూర్చోబెట్టి తలా పది మూతలు, సుద్దముక్క ఇవ్వండి. నేలమీద సున్నా గీసి, ఇంట్లో ఉండే ఒక్కొక్కరికీ ఒక్కో మూత అందులో పెట్టాలి. దూరాన ఉన్న మనవాళ్ల మూత బయటపెట్టి, అక్కణ్నుంచి సున్నాదాకా గీత లాగాలి. కువైట్‌లో ఉన్న అమ్మకు ఆ గీతే ఫోను.

మొదట మీరు పెట్టి చూపించేది ఇద్దరే ఉన్న ఇల్లయితే మేలు: "ఇది చింటూ, ఇది వాళ్ల తాతయ్య. తాతయ్య అన్నం పెడతాడు, చింటూ కళ్లద్దాలు వెతికిస్తాడు." అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలతో మొదలుపెట్టారో, అందరూ అదే దించేస్తారు, ఇంట్లో లేనివాళ్లను కూడా కలిపి.

ఎవరికెన్ని మూతలని లెక్కపెట్టించకండి, పోటీ మొదలవుతుంది. లేచి నిలబడి చెప్పమనీ అనొద్దు. మీరే పక్కన కూర్చుని అడగండి: తల ఎవరు దువ్వుతారు? జ్వరమొస్తే పక్కన ఎవరు పడుకుంటారు? పావుగంట చాలు. మర్నాడు చుట్టరికాల పేర్లు పలికించండి. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, చిన్నాన్న... వీటిలో అమ్మ, నాన్న ఎక్కడున్నారో పిల్లలే పట్టేస్తారు. అమ్మమ్మలో ఇద్దరు అమ్మలున్నారని తెలిసి ఆ పాప ముఖం ఎలా వెలుగుతుందో చూడండి.

"నాన్న లేడా?" మళ్లీ వస్తుంది. పాపకు ఇంట్లో ఏం చెప్పారో, క్లాసులో ఎంతవరకు చెప్పొచ్చో ముందే అమ్మమ్మను అడగండి. సరేనంటే రెండే మాటలు: "నాన్న వేరే ఇంట్లో ఉంటారు. పాపను అమ్మమ్మ చూసుకుంటుంది." అంతటితో ఆపేయండి. ఆయాలు కూడా "అయ్యో పాపం" అనకుండా చూడండి, పిల్లలు జాలిపడటం నేర్చేది ఆ మాటతోనే. పాపతో మాత్రం ఒంటరిగా, ఒకటికి నాలుగుసార్లు చెప్పాలి: "వాళ్లు వేరుగా ఉండటం నీవల్ల కాదు." ఈ వయసులో చాలామంది తమ అల్లరివల్లే అనుకుంటారు.

చనిపోయినవాళ్ల గురించైతే "చనిపోయారు" అనే చెప్పాలి. "ఊరెళ్లారు" అంటే ఎదురుచూస్తారు, "నిద్రపోయారు" అంటే పడుకోవడానికే భయపడతారు.

ప్రశ్న: భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్నాను. ఆరేళ్ల బాబు ఈయన్ని నాన్నా అనాలా? ఇంటిపేరు మార్చొచ్చా?

జవాబు: పిలుపు బాబుకే వదిలేయండి. బలవంతంగా 'నాన్నా' అని పిలిపిస్తే, పోయిన నాన్నను మర్చిపొమ్మన్నట్టు వాడికి తోస్తుంది. పాత ఫొటో గోడమీదే ఉండనివ్వండి. ఇంటిపేరు నిర్ణయించే హక్కు మీకుంది: ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఇలాంటి కేసులోనే 2022 జులైలో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. రికార్డుల్లో 'సవతి తండ్రి' అని రాయించడం పిల్లవాడి మనసుకు మంచిది కాదనీ అంది. బడి దరఖాస్తులో అలా రాయమంటే ఈ తీర్పు చూపించండి.