యుద్ధాల మధ్య ఇంగ్లండ్ పల్లెలో ఎవరి మాట చెల్లేది?

ప్రశ్న: మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి, పారిష్ కౌన్సిల్, స్కూలు ఎలా నడిచేవి? ఊళ్లో నిజంగా ఎవరి మాట చెల్లేది? పారిష్ కౌన్సిల్ అంటే మన పంచాయతీ లాంటిదేనా?

నేను నార్‌ఫోక్, సఫోక్ కౌంటీల సరిహద్దులో, డిస్ అనే చిన్న పట్టణానికి దగ్గర్లోని ఒక పల్లెలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. మా పారిష్ కౌన్సిల్లో సభ్యురాలిని కూడా. ఆ పని మీదే పాత మినిట్స్ పుస్తకాలు, స్కూలు లాగ్‌బుక్కులు (హెడ్మాస్టర్లు స్కూలు సంగతులు రాసి ఉంచిన పుస్తకాలు) తిరగేయడం మొదలుపెట్టి, చివరికి అందులోనే పడిపోయాను. కాబట్టి మొత్తం ఇంగ్లండ్ గురించి కాకుండా, నాకు బాగా తెలిసిన ఈ ప్రాంతం గురించే చెప్తాను.

ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు. చట్టం ప్రకారం ఊరి కూలీకి పారిష్ కౌన్సిల్లో ఓటు వేసే హక్కు, నిలబడే హక్కు 1894 నుంచే ఉన్నాయి. కానీ అతను కాపురం ఉండే ఇల్లు చాలాసార్లు రైతుదే. పని పోతే ఇల్లూ పోతుంది. ఆ రోజుల్లో ఊరి రాజకీయమంతా ఈ ఇంటి చుట్టూనే తిరిగింది.

పారిష్ అనేది నిజానికి రెండు. ఒకటి చర్చి పారిష్. దానికి రెక్టర్ లేదా వికార్, అంటే ఊరి చర్చి పాస్టర్, పెద్ద, ఆయనకు తోడు చర్చి వార్డెన్లు. 1921లో వచ్చిన చట్టంతో చర్చి వ్యవహారాలకు విడిగా ఒక కౌన్సిల్ ఏర్పడింది. రెండోది సివిల్ పారిష్, అంటే మీరు పంచాయతీతో పోల్చింది. 1894 దాకా ఈ రెండూ కలిసే ఉండేవి, ఊరి పనులన్నీ చర్చి వెస్ట్రీ సమావేశాల్లోనే తేలేవి. ఆ ఏడాది చట్టం వచ్చి సివిల్ పనులను విడదీసింది. విడదీసినా మనుషులు వాళ్లే. కొత్త కౌన్సిల్ కుర్చీల్లో రెక్టర్, ఇద్దరు ముగ్గురు పెద్ద రైతులు, ఓ దుకాణదారు కనిపించడం మామూలే.

పారిష్ కౌన్సిల్ చేతిలో ఉన్న అధికారం చిన్నది. కాలిబాటలు, కూరగాయలు పండించుకోవడానికి కూలీలకు కౌలుకిచ్చే చిన్న చిన్న మడులు, ఊరి పంపు, పేదలకు బొగ్గు పంచే పాత దానధర్మాల లెక్కలు, యుద్ధ స్మారకం చుట్టూ గడ్డి కోయించడం. మినిట్స్ చదువుతుంటే ఒకే బాట గురించి ఏళ్ల తరబడి ఉత్తరాలు నడవడం కనిపిస్తుంది. మొదట్లో నాకు విసుగొచ్చింది. తర్వాత అర్థమైంది: ఆ మడి కౌలే ఒక కుటుంబానికి చలికాలమంతా బంగాళాదుంపలు. అది ఎవరికి దక్కాలో తేల్చేవాళ్లకు ఊళ్లో ఎంత పట్టు ఉంటుందో ఆలోచించండి.

ఆ చట్టం రాసినవాళ్ల మనసు మంచిదే. పారిష్ మీటింగ్ సాయంత్రం ఆరు గంటలకు ముందు మొదలుపెట్టకూడదని అందులోనే ఉంది, పొలం నుంచి వచ్చినవాడు కూడా హాజరు కావాలని. వేరే చోటు దొరికితే పబ్బులో పెట్టకూడదనీ ఉంది. ఆడవాళ్లు, పెళ్లైనవాళ్లు సైతం, సభ్యులుగా నిలబడవచ్చని ఉంది. పార్లమెంటుకు ఆడవాళ్లు ఓటు వేయడానికి 1918 దాకా ఆగాల్సి వచ్చిందని గుర్తుంచుకుంటే ఇది చిన్న సంగతి కాదు. కానీ ఒక్క దగ్గర దెబ్బ కొట్టింది. పార్లమెంటు ఎన్నికలకు 1872 నుంచే రహస్య ఓటు ఉండగా, పారిష్ కౌన్సిల్‌ను మాత్రం మీటింగులో చేతులెత్తి ఎన్నుకునేవారు. కావాలంటే బ్యాలెట్ అడగవచ్చు. అడిగితే ఖర్చు ఊరి మీద పడుతుంది, అడిగినవాడి మీద అందరి కళ్లూ పడతాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఇదే పద్ధతి. ఎదురుగా తన యజమాని కూర్చుని ఉండగా కూలీ చెయ్యి ఎటు లేస్తుంది?

మా పక్కింటి పెద్దాయనకు తొంభై దాటాయి. వాళ్ల నాన్న గుర్రాలు చూసుకునే పాలేరు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, సఫోక్ పంచ్ గుర్రాలకు దాణా పెట్టి, ఇంటికొచ్చి ఇంత తిని, మళ్లీ వెళ్లి నాగలి కట్టేవాడట. పనిమంతుడని పేరు. అయినా మా పెద్దాయన చిన్నతనంలో ఇల్లు మారుతూనే ఉన్నారు, ఎందుకంటే యజమాని మారితే ఇల్లు మారాలి. ఈ మార్పులన్నీ సాధారణంగా అక్టోబర్ 11న, పాత మైకల్మస్ రోజున. బండి మీద మంచం, కోళ్ల గంప, పిల్లలు. లాగ్‌బుక్కుల్లో అక్టోబర్ రెండో వారం చూస్తే కొందరు పిల్లల పేర్లు తీసేయడం, కొత్త పేర్లు చేర్చడం వరసగా ఉంటుంది. కారణం ఎక్కడా రాయరు, రాయాల్సిన అవసరం ఆ హెడ్మాస్టర్‌కు ఉండేది కాదు.

కూలి సంగతి చెప్పకుండా ఇదంతా సగమే. మొదటి యుద్ధకాలంలో ప్రభుత్వం ధాన్యానికి కనీస ధర, కూలికి కనీస రేటు పెట్టింది. 1920లో కూలి వారానికి 46 షిల్లింగుల దాకా వెళ్లింది. 1921లో ప్రభుత్వం ఆ హామీలను ఒక్కసారిగా ఎత్తేసింది. ధాన్యం ధర కూలిపోయింది, దానితోపాటే కూలీ పొట్ట మీద దెబ్బ పడింది. నార్‌ఫోక్‌లో కూలి 25 షిల్లింగులకు దిగింది. అంతకన్నా తగ్గించి, పని గంటలు పెంచుతామని రైతులు అన్నప్పుడు 1923 వసంతంలో నార్‌ఫోక్ కూలీలు సమ్మె చేశారు. లేబర్ పార్టీ నాయకుడు రామ్సే మాక్‌డొనాల్డ్ మధ్యవర్తిత్వంతో వారానికి 50 గంటలకు 25 షిల్లింగుల దగ్గర రాజీ కుదిరింది. సమ్మె అయ్యాక కూడా చాలామందిని మళ్లీ పనిలోకి తీసుకోలేదు. మరుసటి ఏడాది, 1924లో, కౌంటీల వారీగా కూలి కమిటీలు తిరిగి వచ్చాయి. ఫ్యాక్టరీ కార్మికులకు ఉన్న నిరుద్యోగ బీమా వ్యవసాయ కూలీలకు రావడానికి మాత్రం 1936 దాకా పట్టింది.

ఇక బర్‌స్టన్. మా ఊరికి దగ్గరే, సైకిల్ మీద వెళ్లిపోవచ్చు. ఊరి వ్యవస్థలన్నీ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉండేవో దీన్ని మించి చూపించే కథ నాకు కనిపించలేదు.

టామ్ హిగ్డన్, ఆనీ హిగ్డన్ అనే టీచర్ దంపతులు 1911లో బర్‌స్టన్ స్కూలుకు వచ్చారు. ఆనీ హెడ్మిస్ట్రెస్, టామ్ ఆమె కింద టీచర్. టామ్ కూలీల యూనియన్ మనిషి. 1913 పారిష్ కౌన్సిల్ ఎన్నికల్లో కూలీలు నిలబడ్డారు, టామ్ అందరికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. రెక్టర్ చార్లెస్ టకర్ ఈలండ్ ఓడిపోయాడు. ఆ రెక్టరే స్కూలు మేనేజర్లలో పెద్దతలకాయ. కౌన్సిల్లో జరిగిన అవమానం స్కూల్లో తీరింది. వానలో తడిసి వచ్చిన పిల్లల బట్టలు ఆరడానికి అనుమతి లేకుండా నిప్పు వేశారన్నది ఒక ఫిర్యాదు, పిల్లల్ని కొట్టారన్నది మరొకటి. 1914లో ఇద్దరినీ తీసేశారు. ఏప్రిల్ 1న 72 మంది పిల్లల్లో 66 మంది స్కూలు విడిచి ఊరేగింపుగా బయటికి వచ్చారు. ముందు నడిచింది వయొలెట్ పాటర్ అనే అమ్మాయి. తల్లిదండ్రులకు జరిమానాలు వేశారు, ఊరు చందాలేసుకుని కట్టింది. చర్చి మాన్యం కౌలుకు చేసుకుంటున్న సమ్మె కుటుంబాలను రెక్టర్ ఆ భూమి నుంచి తప్పించాడు. అయినా పిల్లలు వెనక్కి వెళ్లలేదు. మొదట ఊరి పచ్చికలో, తర్వాత వడ్రంగి షెడ్డులో పాఠాలు జరిగాయి. 1917లో కార్మిక సంఘాల చందాలతో సొంత స్కూలు భవనం లేచింది. అది 1939లో టామ్ చనిపోయేదాకా నడిచింది. అంటే మీరడిగిన కాలమంతా ఆ చిన్న ఊళ్లో రెండు స్కూళ్లు పక్కపక్కనే ఉన్నాయి.

కౌన్సిల్లో సీటు గెలిస్తే ఉద్యోగం పోయింది, స్కూలు మానేస్తే భూమి పోయింది. ఒకే మనిషి చర్చిలో, స్కూలు కమిటీలో, మాన్యం మీద యజమానిగా ఉంటే ఊళ్లో తప్పించుకునే దారి ఉండదు. బర్‌స్టన్ వాళ్లు తట్టుకోగలిగారంటే బయటి యూనియన్ల డబ్బు ఒక కారణం. రెండోది నాకు ఇంకా ముఖ్యంగా అనిపిస్తుంది: ఈ ప్రాంతంలో చాలామంది కూలీలు చర్చికి కాదు, మెథడిస్ట్ చాపెల్‌కు వెళ్లేవారు. అక్కడ కూలీ కూడా ప్రసంగించవచ్చు. చదవడం, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం అక్కడ నేర్చుకున్నారు. 1906లో నార్‌ఫోక్‌లో కూలీల యూనియన్ మొదలుపెట్టిన జార్జ్ ఎడ్వర్డ్స్ అలాంటి చాపెల్ ప్రసంగీకుడే. 1920లో ఆయన సౌత్ నార్‌ఫోక్ నుంచి పార్లమెంటుకు గెలిచాడు.

ముసలితనం, జబ్బు, పని లేకపోవడం వస్తే ఏమిటి? పూర్ లా, అంటే పేదల సాయం చట్టం కింద, ఆ సాయం పంచే గార్డియన్ల బోర్డు దగ్గరికి వెళ్లాలి. పల్లెల్లో గార్డియన్లను విడిగా ఎన్నుకునేవారు కాదు, రూరల్ డిస్ట్రిక్ట్ కౌన్సిలర్లే గార్డియన్లు. అందులో ఎక్కువమంది రైతులు. కూలి ఇచ్చేవాడే, ఆ కూలి ఆగినప్పుడు సాయం ఇవ్వాలా వద్దా అని తేల్చేవాడు కూడా. సాయం ఇవ్వకపోతే వర్క్‌హౌస్, అంటే దిక్కులేని పేదల్ని ఉంచి పని చేయించే చోటు. మా వైపు ఊళ్లకు డెప్‌వేడ్ వర్క్‌హౌస్ పుల్హామ్ మార్కెట్‌లో ఉండేది. ముసలివాళ్లు ఆ పేరు చెప్తే ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. 1930 ఏప్రిల్‌లో గార్డియన్ల బోర్డులు రద్దై, ఆ పని కౌంటీ కౌన్సిల్ కమిటీలకు వెళ్లింది. భవనాలు అవే, బోర్డు మీద పేరు మారింది. నిజంగా ఊపిరి పోసింది పోస్టాఫీసులో చేతికిచ్చే వృద్ధాప్య పెన్షన్. 1909లో 70 ఏళ్లవాళ్లకు 5 షిల్లింగులతో మొదలై, 1919లో 10 షిల్లింగులైంది. బీమా కట్టినవాళ్లకు 1928 నుంచి 65 ఏళ్లకే అందింది. దానికి ఎవరి దయా అక్కర్లేదు.

రైతులంతా సుఖంగా ఉన్నారని మాత్రం అనుకోవద్దు. యుద్ధం తర్వాత పెద్ద ఎస్టేట్లు అమ్మకానికి వచ్చినప్పుడు చాలామంది కౌలు రైతులు అప్పు చేసి తాము దున్నే భూమినే కొనుక్కున్నారు. భూమితోపాటు చర్చికి కట్టాల్సిన దశమ భాగం కూడా వాళ్ల నెత్తి మీదికి వచ్చింది. అది అప్పటికే ధాన్యం రూపంలో కాక డబ్బు రూపంలో ఉండేది. 1925 చట్టం ఆ మొత్తాన్ని స్థిరంగా కట్టేసింది. గోధుమ ధర 1920లో ఉన్నదాంట్లో మూడో వంతు కన్నా కిందికి పడిపోయినా ఇది తగ్గలేదు. కట్టకపోతే జప్తు. 1934 ఫిబ్రవరిలో, డిస్‌కు అవతల సఫోక్‌లోని వర్తమ్‌లో ఒక పొలం నుంచి 134 పందులు, 15 పశువులను జప్తు చేశారు. రైతులకు మద్దతంటూ ఫాసిస్టు నాయకుడు మోస్లే నల్లచొక్కాల వాళ్లు కూడా దిగారు, పోలీసులు వాళ్లను అరెస్టు చేశారు. ఆ జప్తు గుర్తుగా పెట్టిన రాయి ఇప్పటికీ రోడ్డు పక్కన ఉంది. 1936 చట్టంతో దశమ భాగం రద్దైంది, దాని బదులు 60 ఏళ్ల వాయిదాలు పెట్టారు. చర్చికీ ఊరికీ మధ్య చేదు ఇలా పై నుంచీ పెరిగింది, కింది నుంచీ పెరిగింది.

ఉమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే ఊరి ఆడవాళ్ల సంఘం గురించి జామ్, కేకులు అని తేలిగ్గా మాట్లాడతారు, నాకది నచ్చదు. ఇంగ్లండ్‌లో మొదటిది 1915లో ససెక్స్‌లోని సింగిల్టన్‌లో పెట్టారు, యుద్ధం తర్వాత వేల ఊళ్లకు పాకింది. 1917 నుంచి అధ్యక్షురాలిగా ఉన్న లేడీ డెన్మన్ కమిటీలను రహస్య ఓటుతో ఎన్నుకోవాలని పట్టుబట్టింది. చాలా ఊళ్లలో దొరసానే అధ్యక్షురాలైన మాట నిజమే. అయినా భర్త పారిష్ మీటింగులో అందరి ముందూ చెయ్యెత్తాల్సి వస్తున్న రోజుల్లో, భార్య కాగితం మడిచి పెట్టెలో వేయడం నేర్చుకుంది. నీళ్లు, మరుగుదొడ్లు, కాన్పుల గురించి ఊరి ఆడవాళ్లు బయటికి మాట్లాడింది ఆ సమావేశాల్లోనే.

మిగతావి క్లుప్తంగా. వారానికి ఒక పెన్నీ చందా కడితే సైకిల్ మీద డిస్ట్రిక్ట్ నర్సు వచ్చేది. పంది చచ్చిపోతే ఆదుకునే పిగ్ క్లబ్బులు, బొగ్గు క్లబ్బులు ఉండేవి. సైన్యం వదిలేసిన చెక్క షెడ్డు చాలాచోట్ల ఊరి హాలైంది. రేడియో, బస్సు వచ్చాయి, కరెంటు మాత్రం చాలా పల్లెలకు రాలేదు.

మీరు ఇటువైపు వస్తే బర్‌స్టన్ స్కూలు భవనం మ్యూజియంగా ఉంది, సెప్టెంబర్ మొదటి ఆదివారం అక్కడ ర్యాలీ జరుగుతుంది. పాత పుస్తకాలు చూడాలంటే నార్విచ్‌లోని కౌంటీ రికార్డ్ ఆఫీసుకు వెళ్లండి. కౌన్సిల్ మినిట్స్‌తో మొదలుపెట్టకండి, ముందు స్కూలు లాగ్‌బుక్ అడగండి. బూట్లు లేక రాని పిల్లలు, బంగాళాదుంపలు ఏరడానికి వెళ్లిన పిల్లలు, తట్టు వచ్చి మూతపడ్డ వారాలు, అన్నీ అందులో ఉంటాయి. ఆ తర్వాత అదే ఏడాది మినిట్స్ తెరిస్తే, కౌన్సిల్ ఏం మాట్లాడిందో, దేని గురించి నోరెత్తలేదో మీకే తెలుస్తుంది.