ఇంటి దస్త్రం: కోడలి వైపు కాగితం, అత్తగారి గంగాళం

ప్రశ్న: మా అబ్బాయికి ఫిలడెల్ఫియా దగ్గర ఉద్యోగం. అక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. కోడలి పూర్వీకులు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళట. మొన్న బతుకమ్మకు వచ్చినప్పుడు ఒక పెళ్ళి పత్రం నకలు తెచ్చి చూపించింది. పొడవాటి కాగితం, కింద నలభై దాకా సంతకాలు. తేదీ ‘11వ నెల 3వ రోజు, 1748’ అని ఉంది. వాళ్ళ బంధువెవరో దాన్ని 1748 జనవరి 3 అని వంశవృక్షంలో ఎక్కించారు. కాని అదే పెళ్ళికూతురి గురించి ‘1748, 6వ నెల’ తేదీతో ఇంకో పత్రం ఉంది. అందులో ‘ఈమెకు పెళ్ళి కాలేదు, ఎవరికీ మాట ఇచ్చి లేదు’ అని రాశారు. జనవరిలో పెళ్ళయిన మనిషికి తర్వాత అట్లా ఎట్లా రాస్తారు? ఒకే పేరుతో ఇద్దరున్నారా? మన హనుమకొండ మిషన్ ఆసుపత్రి వాళ్ళు కూడా క్వేకర్లే అని మా పక్కింటావిడ అంటున్నది, నిజమేనా? మనుమరాలి కోసం రెండు వైపుల సంగతులు ఒకే పుస్తకంలో రాసిపెట్టాలని ఉంది. మా వైపు చూపించడానికి ఏముంది? మా అత్తగారి ఇత్తడి గంగాళం, దాని మీద చుక్కల అక్షరాల్లో ఏదో పేరు, ‘1352 ఫ.’ అని ఒక అంకె. మామగారి వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు గేటు పాసు. అంతే.
— ఒక నాయనమ్మ, హనుమకొండ

జవాబు: అమ్మా, మనిషి ఒక్కతే. తిరకాసంతా ఆ బంధువు వేసిన లెక్కలో ఉంది.

క్వేకర్లు నెలల పేర్లు, వారాల పేర్లు పలికేవారు కాదు. అవి పాతకాలపు దేవుళ్ళ పేర్ల మీద పుట్టినవని వాళ్ళ అభ్యంతరం. ఆదివారాన్ని మొదటి రోజు అనేవారు, నెలలకు అంకెలు వేసేవారు. ఇంతవరకు సులువే. చిక్కు ఎక్కడంటే, 1752 దాకా ఇంగ్లండులోనూ, దాని ఏలుబడిలో ఉన్న అమెరికాలోనూ సర్కారు లెక్కకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి వాళ్ళ మొదటి నెల మార్చి. 6వ నెల ఆగస్టు. 11వ నెల జనవరి. బంధువు ఇక్కడిదాకా సరిగ్గానే వచ్చారు. కాని ఆ జనవరి నాటికి 1748 ఇంకా పూర్తి కాలేదు, మార్చి 25 వస్తేగాని అంకె మారదు. మన లెక్కలో అది 1749 జనవరి. అంటే 1748 ఆగస్టులో ‘పెళ్ళి కాలేదు’ అన్న పత్రం, అయిదు నెలలకు పెళ్ళి. అన్నీ వరుసలోనే ఉన్నాయి.

ఆ ఆగస్టు పత్రం కూడా విలువైనదే. క్వేకర్ల స్థానిక సంఘాన్ని నెలవారీ మీటింగ్ అంటారు. ఒక మీటింగ్ హద్దు దాటి ఇంకోచోటికి కాపురం మారేవాళ్ళకు పాత మీటింగ్ వాళ్ళు ‘ఫలానా మనిషి మా సభ్యురాలే, నడవడి మంచిది, పెళ్ళి బంధాలేవీ లేవు’ అని రాసిచ్చేవారు. పిల్ల ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్ళిందో అందులో ఉంటుంది. పుట్టిన ఊరు వెతకడానికి అదే దారి. పత్రం ఇచ్చిన మీటింగ్ పేరు కోడలిని చదివి చెప్పమనండి.

పుస్తకంలో తేదీ ఎట్లా రాయాలంటే, ముందు కాగితంలో ఉన్నది ఉన్నట్టు, దాని కింద ‘1748/49 జనవరి 3’ అని గీత పెట్టి. 1752లో క్యాలెండరు మార్చినప్పుడు 11 రోజులు ఎగరగొట్టారు గదా అని దాన్ని 14వ తేదీగా సవరించకండి. తర్వాత వచ్చేవాళ్ళు దాన్ని ఇంకోసారి సవరిస్తారు.

ఇక ఆ నలభై సంతకాలు. క్వేకర్ల పెళ్ళికి పురోహితుడు లేడు, పాస్టరు లేడు. అమ్మాయీ అబ్బాయీ ముందే మీటింగ్‌లో తమ ఉద్దేశం చెప్పుకుంటారు. అడ్డంకులేమైనా ఉన్నాయా అని ఇద్దరు ముగ్గురిని పంపి విచారిస్తారు. పెళ్ళిరోజు అందరూ మౌనంగా కూర్చున్న చోట వధూవరులు లేచి తమ మాట తామే చెప్పుకుంటారు. తర్వాత అక్కడున్న వాళ్ళంతా సాక్షులుగా సంతకం చేస్తారు. సాధారణంగా కుడివైపు వరుసలో, వధూవరుల పేర్ల కింద ఉన్నవాళ్ళు దగ్గరి బంధువులు. కోడలితో ఆ వరుసను విడిగా రాయించండి. తల్లి సంతకం ఉండి తండ్రిది లేకుంటే ఆయన అప్పటికి పోయాడేమో చూడాలి. ఇంటిపేరు కలిసే ఆడవాళ్ళు అక్కాచెల్లెళ్ళో వదినెలో అయి ఉండవచ్చు. పెళ్ళిలో కట్నాలు రాసే బుక్కు మనకు ఏ పని చేస్తుందో ఈ కాగితం వాళ్ళకు ఆ పని చేస్తుంది, రూపాయల లెక్క ఒక్కటే తక్కువ.

వెతకడానికి వాళ్ళు మంచిచోటే ఉన్నారు. ఫిలడెల్ఫియా వైపు మీటింగుల పాత పుస్తకాలు ఆ పక్కనే స్వార్త్‌మోర్, హావర్‌ఫర్డ్ కాలేజీల లైబ్రరీల్లో ఉన్నాయి. మగవాళ్ళ మీటింగ్, ఆడవాళ్ళ మీటింగ్ వేరువేరుగా జరిగేవి, మినిట్స్ పుస్తకాలూ, అంటే మీటింగ్‌లో జరిగింది రాసుకునే పుస్తకాలూ వేరు. చాలామంది మగవాళ్ళ పుస్తకం చూసి లేచిపోతారు. పెళ్ళికూతురి సంగతి ఆడవాళ్ళ పుస్తకంలో ఉంటుంది. 1827లో ఫిలడెల్ఫియా క్వేకర్లు రెండుగా చీలారు, ఆ తర్వాతి తరాలకైతే రెండు పక్షాల దస్త్రాలూ చూడాలి. విలియం వేడ్ హిన్‌షా అనే ఆయన ఈ మినిట్స్‌ను ఏరి 1936 నుంచి సంపుటాలుగా అచ్చు వేయించాడు. అందులో ‘డిస్’ అని కనబడితే సంఘం నుంచి వెలి వేశారని. ‘ఎంఓయు’ అంటే సంఘం కట్టుబాటు దాటి పెళ్ళి చేసుకున్నారని. వెలి అనగానే కోడలు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. వేరే చర్చి పిల్లవాడిని చేసుకున్నా ఆ రోజుల్లో వెలే. పైగా ఆ గొడవ వల్లనే మినిట్స్‌లో నాలుగు వాక్యాలు ఎక్కువ దొరుకుతాయి.

దొరకనివి కూడా చెప్పాలి. బాప్టిజం రికార్డు ఉండదు, క్వేకర్లు నీటి బాప్టిజం ఇవ్వరు. పుట్టిన తేదీ మీటింగ్ పుస్తకంలోనే వెతకాలి. సమాధిరాయి దొరకలేదని తిరగవద్దు, పాతతరం వాళ్ళు రాళ్ళు పెట్టడం ఆడంబరమనుకున్నారు. ఇంకోమాట. శాంతి కోరేవాళ్ళు, యుద్ధానికి పోనివాళ్ళు, 1947లో వాళ్ళ సేవా సంస్థలు రెండింటికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇవన్నీ నిజమే. కాని ఫిలడెల్ఫియా క్వేకర్లు తమ సభ్యులెవరూ బానిసలను ఉంచుకోకూడదని గట్టిగా కట్టడి చేసింది 1776లో. అంతకుముందు ఉంచుకున్నవాళ్ళున్నారు, పెన్సిల్వేనియా స్థాపించిన విలియం పెన్‌తో సహా. వీలునామాలు తిరగేస్తే అటువంటిది కనబడవచ్చు. కనబడితే దాన్నీ పుస్తకంలో రాయండి. మన తాలూకాల్లో తాతల దస్తావేజులు తీస్తే వెట్టి, భగేలా (అప్పు కింద కట్టుబడి చేసే చాకిరీ) కనబడవా?

పక్కింటావిడ మాట మాత్రం కాదు. హనుమకొండ మిషన్ అమెరికన్ బాప్టిస్టులది. నీళ్ళలో ముంచి బాప్టిజం ఇవ్వడమే వాళ్ళ పేరు. ఆ నీళ్ళే వద్దన్నవాళ్ళు క్వేకర్లు. మన దేశంలో క్వేకర్లు ఎక్కువగా పనిచేసింది మధ్యప్రదేశ్‌లో, హోషంగాబాద్, బుందేల్‌ఖండ్ వైపు. గాంధీజీకి బాగా కావలసిన హొరేస్ అలెగ్జాండర్ క్వేకరే.

ఇప్పుడు మీ గంగాళం దగ్గరికి వద్దాం. ‘చూపించడానికి ఏముంది’ అన్నారు చూడండి, అక్కడే నాకు కొంచెం కోపం వచ్చింది. ‘ఫ.’ అంటే ఫసలీ. నిజాం సర్కారు సంవత్సరం. నేను ఉద్యోగమంతా తాలూకా రికార్డు రూములో ఆ అంకెల మధ్యే గడిపాను. ఫసలీకి 590 కలపండి. 1352కి 1942 వస్తుంది. కాని హైదరాబాదు ఫసలీ అక్టోబరు మొదట్లో ఆజూర్ నెలతో మొదలు, కాబట్టి అది 1942 అక్టోబరు నుంచి 1943 అక్టోబరు దాకా. గంగాళం పెళ్ళి సారెలో వచ్చిందైతే, మన ముహూర్తాలు ఎక్కువగా మాఘం నుంచి జ్యేష్ఠం దాకా గదా, 1943 అనే అనుకోవచ్చు. ఆ ఉగాదికి ముందైతే చిత్రభాను, తర్వాతైతే స్వభాను. శుభలేఖ ముక్క దొరికితే తేలిపోతుంది. కోడలి కాగితంలో మార్చితో పడ్డ చిక్కు, మీ గంగాళంలో అక్టోబరుతో పడింది. మనుమరాలికి ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూపించండి, సరదా పడుతుంది.

ఆ చుక్కల అక్షరాలు ఉలి పెట్టి సుత్తితో ఒక్కొక్కటీ కొట్టినవి. ఏటేటా పండుగకు చింతపండు పెట్టి తోమీ తోమీ చుక్కలు అరిగిపోతాయి. ముందు తోమడం ఆపండి. సాయంత్రం ఎండ వాలినప్పుడు గంగాళాన్ని గుమ్మంలో పక్కకు తిప్పి పెడితే చుక్కల్లో నీడ పడి అక్షరం లేస్తుంది, అప్పుడు ఫోటో తీయండి. తర్వాత పలుచని తెల్లకాగితం పరిచి మెత్తని పెన్సిలును అడ్డంగా రుద్దండి. పేరు, కొన్నిసార్లు ఊరు, ‘గారిచే’ అని ఇచ్చినవాళ్ళ పేరు కూడా తేలుతుంది. మీ అత్తగారి పుట్టింటి ఊరు పేరు మీ అబ్బాయికి తెలుసా? నాకు అనుమానమే.

గేటు పాసును లామినేషన్ చేయించకండి, వేడికి పాత కాగితం నాశనమవుతుంది, మళ్ళీ ఊడదీయలేరు. తెల్ల కాగితపు కవరులో పెట్టి, కవరు మీద పెన్సిలుతో మామగారి పూర్తి పేరు, ఏ ఖాతాలో పని, ఏ షిఫ్టు, మిల్లుకు ఏ వాడ నుంచి నడిచి వెళ్ళేవారు, అన్నీ రాయండి. ఆజంజాహి మిల్లు 1934లో పెట్టింది, మూతపడి చాలా కాలమైంది. ఆ షిఫ్టుల సంగతి చెప్పగల నోళ్ళు వరంగల్లో ఇంకా ఉన్నాయి. ఈ నెలలోనే వెళ్ళి అడగండి.

ప్రశ్న: మేము పద్మశాలీలం. తాత సిరిసిల్ల నుంచి భివండి పోయాడు, బాపు అక్కడే పుట్టి మళ్ళీ ఇటు వచ్చాడు. తాత తండ్రి పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. భూమి లేదు, పట్టా లేదు. ఎక్కడని వెతకాలి?
— ఒక చదువరి, కోరుట్ల

జవాబు: భూమి లేనివాళ్ళకు దస్త్రం లేదని ముందే అనుకోకు తమ్ముడూ. 1954–55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో రాసిన రిజిస్టరు, ఒకసారి చూడు. సొంత భూమి లేకున్నా తాత కౌలుకో, కబ్జాలోనో కొద్దిపాటి చెలక చేసి ఉంటే ఆ గడిలో తండ్రి పేరుతో సహా ఉంటుంది. ఉర్దూలో ఉంటే చదివేవాళ్ళను వెంట తీసుకుపో. తాత చదువుకుని ఉంటే బడి అడ్మిషన్ రిజిస్టరు, లేకుంటే ఆయన తమ్ముళ్ళది.

దానికంటే ముందు కూనపులి వాళ్ళను వెతుకు. మీ కులానికి మార్కండేయ పురాణం, భావనారుషి కథ పటం పరిచి చెప్పేది వాళ్ళే. చేర్యాల నకాశీలు (బొమ్మలు వేసే కళాకారులు) రాసే ఆ పటాలు నీవు బొమ్మలుగా చూసి ఉంటావు. ఏ ఊళ్ళు ఎవరివని వాళ్ళలో మిరాశీ (వంశపారంపర్య హక్కు) పంపకం ఉంది. మీ సిరిసిల్ల వాడ ఎవరి మిరాశో కనుక్కుంటే, ఆ కుటుంబం పెద్దమనిషికి మీ ఇంటిపేరు చెప్పగానే ఏ ఇంటివాళ్ళు కథ చెప్పినందుకు ఏమి కట్టడి (ఆనవాయితీ ముడుపు) ఇచ్చేవారో నోటితో చెప్పగలడు. పురాణాన్నీ మీ ఇంటి వరుసనూ కలిపి రాసుకోవద్దు, రెండు వేరు కాలమ్‌లు. వట్టి చేతులతో పోకు, అది వాళ్ళ హక్కు.

మీ వాళ్ళెవరైనా కాశీకో గయకో పోయి పిండం పెట్టారా? అక్కడి తీర్థ పురోహితులైన పండాల దగ్గర యాత్రికుల వహీలు (పేర్ల పుస్తకాలు) ప్రాంతాల వారీగా ఉంటాయి. పోయినవాళ్ళు తమ చేత్తో మూడు తరాల పేర్లు రాసివస్తారు. పండా ఇంటి పేరు తెలిస్తే పని సగం అయినట్టే. భివండిలో మన వాళ్ళ మార్కండేయ గుడి చందాల పలకలు కూడా చూసిరా.

ప్రశ్న: అమ్మమ్మ ఇచ్చిన కరీంనగర్ వెండితీగ పాన్‌దాన్ నల్లబడింది. టూత్‌పేస్టు పెట్టి బ్రష్‌తో తోమితే మెరుస్తుందని చెల్లెలు అంటున్నది.
— పెద్దపల్లి నుంచి

జవాబు: వద్దు తల్లీ. వెంట్రుక మందం తీగలు అవి, పేస్టులో గరుకు ఉంటుంది. తీగ సందుల్లో ఇరుక్కున్న పేస్టు ఎండితే తెల్లగా గడ్డకట్టి ఇంకా రాదు. ఆ నలుపు గాలిలోని గంధకంతో వచ్చేది, వెండికి హాని లేదు. మరీ ఓర్వలేకుంటే కరీంనగర్ వెళ్ళి తీగపని చేసేవాళ్ళతోనే శుభ్రం చేయించు. ఇంటికి తెచ్చాక ఉతికిన పాత నూలుగుడ్డలో చుట్టు, రబ్బరు బ్యాండు వేయకు, రబ్బరులోనూ గంధకమే. చీటీ మీద అమ్మమ్మ పేరు, ఆమెకు ఎవరిచ్చారో రాసి లోపల అరలో పెట్టు. ఎవరిచ్చారో తెలియకుంటే అమ్మకు ఇప్పుడే ఫోన్ చెయ్యి.