మిలిట్రీ తాతల జ్ఞాపకాలు: ముందు గొంతు, ఆ తరువాతే బొమ్మ

ప్రశ్న: మాది కడప జిల్లా జమ్మలమడుగు దగ్గరి పల్లె. సైన్యంలో పనిచేసి వచ్చినవారు మా ఊళ్ళో 11 మంది ఉన్నారు. వారిలో 1971 యుద్ధం చూసినవారు ఇద్దరే మిగిలారు. ఒకరు మా జేజినాయన (నాయన తండ్రి). ఫోటోలు, మాటలు, పాటలు కలిపి ఒక వీడియో చేసి సంక్రాంతికి ఊళ్ళో ప్రదర్శించాలని మిత్రులందరమూ అనుకుంటున్నాము. పాత ఫోటోలకు రంగులు వేయించి సినిమా పాట పెడదామని ఒకరు, సినిమాలలోని యుద్ధ దృశ్యాలు చేర్చుదామని మరొకరు అంటున్నారు. శ్రీలంకకు వెళ్ళి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం ఏమి అడిగినా నోరు విప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: ముందు ఆ ఇద్దరి దగ్గరికి వెళ్ళండి. గోడకు వేలాడే ఫోటో ఇంకో పదేళ్ళయినా ఉంటుంది. 1971లో 20 ఏళ్ళ జవానుగా ఉన్న మనిషికి ఇప్పుడు 75 ఏళ్ళ ప్రాయం. పాట ఏది, రంగులు ఏవి అన్న చర్చను పక్కన పెట్టి, ఈ వారంలోనే వారి గొంతులను రికార్డు చేయండి.

ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. మంచి ఫోను, చొక్కాకు తగిలించే చిన్న మైకు చాలు. రేకుల షెడ్డులో మాట మోగుతుంది కనుక, బొంతలు, బట్టలు ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, ఫ్యాను ఆపి, ఫోనుకు కాల్స్ రాకుండా చూసుకోండి. ఒక పూటకు ముప్పావు గంటకు మించి కూర్చోబెట్టకండి. మరునాడు మళ్ళీ వెళ్ళండి. మొదటి రోజు గుర్తురాని సంగతులు రాత్రి పడుకున్నాక గుర్తుకువచ్చి, రెండవ రోజు వారంతట వారే చెబుతారు.

యుద్ధం ఎలా జరిగిందని అడిగితే పుస్తకాలలో ఉన్నదే వస్తుంది: డిసెంబరు 3న మొదలైందని, 16న ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయని. మీ ఊరి మనిషి మాత్రమే చెప్పగలిగినది వేరే ఉంది. ఇల్లు విడిచిన రోజు ఎర్రగుంట్ల స్టేషను దాకా ఎవరు తోడు వచ్చారు, ట్రంకుపెట్టెలో ఏమేమి పెట్టుకున్నారు, సంగటి తిని పెరిగిన నోటికి రొట్టె ఎన్నాళ్ళకు అలవాటైంది, మొదటి మనియార్డరు ఎంత పంపారు, హిందీ ఎవరు నేర్పారు అని అడగండి. ఇటువంటి చిన్న ప్రశ్నల వెంటనే పెద్ద సంగతులూ వస్తాయి. వారు మాట్లాడే కడప యాసను దిద్దకండి. వంటవాడిగా, డ్రైవరుగా, వైర్‌లెస్ మీద పనిచేసినవారిని కూడా తక్కినవారితో సమానంగా కూర్చోబెట్టండి. వరుసను హోదానుబట్టి కాక, సైన్యంలో చేరిన సంవత్సరాన్నిబట్టి పెట్టడం మంచిది.

మీ జేజిని (నాయనమ్మను) మరచిపోవద్దు. మీ జేజినాయన యుద్ధంలో ఉన్న రోజుల్లో ఇంటిని, చేనును, పసిబిడ్డలను చూసుకున్నది ఆమె. ఆనాటి ఉత్తరాల మీద 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో (ఏపీఓ అంటే సైనిక తపాలా కార్యాలయం) ఉండేదే తప్ప ఊరిపేరు ఉండేది కాదు. జాబు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండానే చదివించుకుని, జవాబు వ్రాయించి పంపిన మనిషి చెప్పే మాట లేకపోతే మీ వీడియో సగమే అవుతుంది.

ఫోటోలకు రంగులు వేయించవద్దని గట్టిగా చెబుతున్నాను. ఛాతీ మీది పతకాల రిబ్బన్లలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగుల వరుస ఉంటుంది. పతకం ఏదో దానినిబట్టే తెలుస్తుంది. 1971లో తూర్పు రంగంలో పనిచేసినవారికి పూర్వీ స్టార్, పడమటి రంగంలో పనిచేసినవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. కంప్యూటరు తనకు తోచిన రంగు పులిమితే ఆ మనిషి సేవకు సాక్ష్యమే చెరిగిపోతుంది. నలుపు తెలుపు ఫోటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, వెనుక వైపునూ స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటాయి. అద్దానికి అంటుకుపోయిన ఫోటోను మాత్రం లాగకండి. ఫ్లాష్ లేకుండా, నీడపట్టున, అద్దం మీదుగానే తీయండి.

సినిమా యుద్ధ దృశ్యాలు చేర్చితే, ఏది నటన, ఏది మీ తాత బ్రతుకు అన్నది చూసే పిల్లలకు తెలియదు. సినిమా పాటకు హక్కుదారుల అనుమతి కావాలి. అనుమతి దొరికినా నేనైతే పెట్టను. ఎర్రగుంట్లలో రైలు కదిలే చప్పుడు, మీ ఊరి భజన తాళాలు రికార్డు చేసి వాడుకోండి. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు మించకుండా కూర్చి, పూర్తి రికార్డింగును వేరుగా రెండు చోట్ల దాచండి. పంచాయతీ గోడ మీద నాపరాతి పలకపై పేర్లు చెక్కించి, ప్రతి పేరు పక్కన క్యూఆర్ కోడ్ అతికిస్తే, ఫోను పెట్టినవారికి ఆ గొంతు వినిపిస్తుంది.

ఇక ఆ పెద్దాయన సంగతి. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో మన శాంతి పరిరక్షక దళం చేసిన పోరాటం తిరిగివచ్చినవారిలో చాలామందికి చెప్పుకోలేని బరువు. ఆయనను బలవంతం చేయకండి, చాటుగా రికార్డు చేయకండి. ఆయన ఫోటో, పేరు, చేరిన ఏడు, తిరిగివచ్చిన ఏడు చూపించండి. అది కూడా ఆయన సరేనంటేనే.

సంక్రాంతికి ప్రదర్శించాలన్న ఆలోచన బాగుంది. మన సైన్యానికి తొలి భారతీయ ప్రధాన సేనాధిపతి అయిన ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన జనవరి 14వ తేదీనే మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. వలస వెళ్ళినవారంతా ఊళ్ళో ఉండే రోజులు కూడా అవే.

ప్రశ్న: మా నాయన 1965 యుద్ధంలో ఉన్నారని మా అమ్మ చెప్పేది. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఒక పెట్టె, నల్లబడిన రెండు పతకాలు మాత్రమే ఉన్నాయి. వీటితో ఏమి చేయగలను?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: చాలా చేయగలరమ్మా. ముందుగా ఆ పతకాలను చింతపండుతో తోమకండి. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, అంచును, వెనుక వైపును భూతద్దంతో చూడండి. సాధారణంగా అక్కడ సైనికుని నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. సమర్ సేవా స్టార్ గాని, రక్షా మెడల్ గాని అయితే, రెండూ 1965 యుద్ధానికి సంబంధించినవే. పెట్టె మూత మీద తెల్ల రంగుతో వ్రాసిన నంబరు ఉందేమో చూడండి. ఆ నంబరు, డిశ్చార్జి పుస్తకం గాని పింఛను కాగితం గాని పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళితే, మీ నాయనగారి రెజిమెంటు రికార్డు కార్యాలయానికి ఎలా వ్రాయాలో చెబుతారు. మద్రాస్ రెజిమెంటు వారిదైతే నీలగిరిలోని వెల్లింగ్టన్‌కు, మద్రాస్ సాపర్లదైతే (సైన్యంలోని ఇంజనీర్ల దళం) బెంగళూరుకు వ్రాయవలసి ఉంటుంది.

కాగితాలను వీడియోలో చూపేటప్పుడు పింఛను, బ్యాంకు నంబర్లను కప్పివేయండి. ఆ పెట్టెను తెరిచే దృశ్యాన్ని మీ చేతులతోనే తీసి, మీ అమ్మ చెప్పిన మాటలు మీకు గుర్తున్నంత వరకు మీ గొంతుతో చెప్పండి. ఆమె చెప్పినది ఏదో, కాగితంలో ఉన్నది ఏదో వేరువేరుగా వినిపించాలి.