చెరువు శిఖం, ఆయకట్టు, మత్తడి అంటే ఏమిటి? శిఖం భూమి కొనొచ్చా?

చెరువు నిండినప్పుడు నీట మునిగే నేలే శిఖం. ఎండాకాలం నీళ్లు దిగిపోయాక చదునుగా, పచ్చగా కనిపిస్తుంది. ప్లాటు అమ్మేవాళ్లు చూపించేది సరిగ్గా అప్పుడే! తెలంగాణలో కొన్నిచోట్ల శిఖం పట్టాలు కూడా ఉన్నాయి. కానీ ఆ హక్కు నీళ్లు లేనప్పుడు సాగు చేసుకోవడానికే, ఇల్లు కట్టుకోవడానికి కాదు.

ఆయకట్టు కట్టకు అవతలి వైపు ఉంటుంది. తూము వదిలితే నీళ్లు పారే పొలాలన్నీ అదే.

ఆంధ్రలో అలుగు అనేదే ఇక్కడ మత్తడి. చెరువు నిండాక మిగులు నీరు దాని మీదుగా దుంకి కింది చెరువుకు పోతుంది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు పనిచేసేది ఇలాగే. ఇప్పుడు అందరి నోటా నానుతున్న ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే చెరువు నిండినప్పటి నీటిమట్టం) ఈ మత్తడి ఎత్తును బట్టే తేలుతుంది. మత్తడిని కాస్త పగలగొడితే చాలు, నీటిమట్టం దిగి శిఖంలో ఎకరాలు బయటపడతాయి. కబ్జాదారులకు ఈ కిటుకు బాగా తెలుసు.

కొనేముందు పాత పహాణీ (భూమి వివరాలు రాసే రెవెన్యూ రికార్డు), గ్రామ నక్షా (పటం) తీయించండి. అవి బాగున్నా సరే, మత్తడి దుంకే రోజుల్లో ఒకసారి వెళ్లి ఆ నేల చూడండి.