పెనం ముందు పాతికేళ్లు నిలబడ్డ తండ్రికి

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతిలో పాతికేళ్లుగా దోశ మాస్టరుగా చేస్తున్నా. మూడు హోటళ్లు మారాను గానీ పెనం మాత్రం మారలేదు. నిలబడీ నిలబడీ పిక్కల్లో నరాలు ఉబ్బిపోయాయి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది, నీట్‌లో మార్కులు రాలేదు. నర్సింగ్‌లో చేర్పిద్దామంటే వినకుండా హోటల్ మేనేజ్‌మెంట్ చదివి చెఫ్ అవుతానంటోంది. నేను పడ్డ అగచాట్లు చాలవా? పైగా ఆడపిల్ల. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఇంటికొచ్చి, నాలుగున్నర లక్షలు కడితే మూడేళ్లకు ఫారిన్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఎకరం చేను ఉంది. అమ్మి కట్టమంటారా, లేక అమ్మాయికి నచ్చజెప్పమంటారా?

జవాబు: మాస్టరుగారూ, ముందు ఆ ఎకరం సంగతి. అమ్మకండి. ఉద్యోగం గ్యారంటీ అని ఇంటికొచ్చిన వాళ్లను ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, టీ కూడా తాగకుండా లేచి వెళ్తారు. ప్రైవేటు కాలేజీలన్నీ మోసమని కాదు. కానీ మీ ఊళ్లోనే ప్రభుత్వ సంస్థలు రెండు ఉండగా, వాటి గుమ్మం తొక్కకుండా చేను బేరం పెట్టడమేమిటి?

మొదటిది తిరుపతిలోని స్టేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్. ఇందులో బీఎస్సీ మూడేళ్ల కోర్సు ఉంది. దేశమంతటికీ కలిపి పెట్టే ఎన్‌సీహెచ్ఎం జేఈఈ పరీక్ష రాయాలి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. ఫిజిక్స్, బయాలజీ అడగరు. లెక్కలు, రీజనింగ్, జనరల్ నాలెడ్జ్, ఇంగ్లిష్, ఆపైన నలుగురితో మెలిగే పనికి సరిపోతారా అని చూసే ప్రశ్నలు. నీట్‌కు చదివిన పిల్లకు ఇది కొండేమీ కాదు, ఇంగ్లిష్ మీద మాత్రం కూర్చోవాలి. రెండోది కేంద్ర పర్యాటక శాఖ పెట్టిన ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్. ఇది పూర్తిగా వంట మీదే నడిచే చదువు. ప్రవేశ పరీక్ష వేరు.

ఈ రెంటికీ తేడా అమ్మాయికి ముందే తెలియాలి. మనవైపు హోటల్ అంటే టిఫిను, భోజనం దొరికే చోటు. కాలేజీ భాషలో హోటల్ అంటే గదులు కూడా. బీఎస్సీలో వంటతో పాటు వడ్డన, రిసెప్షన్, గదుల శుభ్రత, అన్నీ సమానంగా నేర్పుతారు. పరుపు మీద దుప్పటి ముడత లేకుండా పరవడానికీ మార్కులుంటాయి. వంట తప్ప ఏదీ వద్దనుకుంటే రెండోదే నయం. అంత ఖాయంగా తెలియకపోతే బీఎస్సీ మంచిది. రెండో ఏడాదిలో కొన్ని నెలలు పెద్ద హోటల్లో ట్రైనింగుకు పంపుతారు, అక్కడ ఎవరి దారి వాళ్లకు తెలిసిపోతుంది. ఏ ఏడాదికా ఏడాది నోటిఫికేషన్, ఫీజులు ఆయా సంస్థల వెబ్‌సైట్లోనే చూసుకోండి, ఏజెంటు నోట వినకండి.

ఇక మీ అసలు బాధ. ‘నేను పడ్డ అగచాట్లు’ అన్నారు. మీరు పడింది కష్టపు పని కావడం వల్ల మాత్రమే కాదేమో ఆలోచించండి. కష్టం చెఫ్‌కూ తప్పదు. పొద్దున పదకొండు నుంచి మూడు దాకా, మళ్లీ ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా బ్రేక్ షిఫ్టు చేయాలి. ఊరంతా పండగ చేసుకునే రోజు లీవు దొరకదు. బ్రహ్మోత్సవాలు, పెరటాసి అనే తమిళ నెలలో వచ్చే శనివారాలు, వైకుంఠ ఏకాదశి వస్తే మీ హోటల్లో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. డిగ్రీ చేతికొచ్చాక కూడా మొదటి ఉద్యోగం కమీ థర్డ్ అనే అడుగు మెట్టు మీదే, జీతం చాలాచోట్ల పదిహేను వేలకు అటూ ఇటూ. ఇప్పుడు మీరు తెచ్చుకుంటున్నదానికన్నా అది తక్కువే అయినా ఆశ్చర్యం లేదు.

అయితే ఆమెకు పైన మెట్లున్నాయి. కమీ నుంచి డెమీ, అక్కణ్నుంచి ఒక సెక్షన్‌కు పెద్దగా సీడీపీ, తర్వాత పెద్ద చెఫ్‌కు కుడిభుజంలాంటి సూ చెఫ్. మీ చేతిలో పనితనం ఉంది, కాగితం లేదు. మీ దోశ చూసి జనం వచ్చారు, వాళ్లిచ్చిన డబ్బు గల్లాపెట్టె దగ్గర ఆగింది. ప్లేటు రేటు ఎంత పెట్టాలి, సరుకు ఎవరి దగ్గర కొనాలి అన్నది ఒక్కరోజైనా మిమ్మల్ని అడిగారా? చెఫ్‌ను అడుగుతారు. ఆ అడిగే చోటికి చేరడానికే చదువు.

అందుకే సీటు వచ్చేలోగా అమ్మాయికి మీరే ఒక పని అప్పజెప్పండి. ఓనరును అడిగి పదిహేను రోజులు తెల్లవారుజామున నాలుగింటికి మీతో తీసుకెళ్లండి. దోశ పోయమనొద్దు. ఒక నోటుబుక్కు, చిన్న తూకం ఇవ్వండి. ఎన్ని కిలోల బియ్యానికి ఎంత మినప్పప్పు, ఆ పిండికి ఎన్ని దోశలు దిగాయి, మాడిపోయి పక్కన పెట్టినవెన్ని, ఆలుగడ్డ చెక్కు తీస్తే ఎంత తరుగు పోయింది, మధ్యాహ్నానికి పారబోసిన కొబ్బరి చట్నీ ఎంత, అన్నీ రాయాలి. మీరు గుప్పెడుతో వేసే ఉప్పును తూకం వేసి గ్రాముల్లో రాయాలి. చివర మసాలా దోశ ఒక్క ప్లేటుకు సరుకు ఖర్చు తేల్చమనండి. అరవై రూపాయల ప్లేటులో సరుకు ఇరవై దాటితే ఆ హోటలు తిప్పలు పడుతున్నట్టే, ఎందుకంటే మిగతా నలభైలో అద్దె, జీతాలు, గ్యాసు, కరెంటు, పార్సిల్ డబ్బాలు అన్నీ పోవాలి. కొబ్బరికాయ మీద అయిదు రూపాయలు పెరిగితే ఆ లెక్క ఎటు తిరుగుతుందో కూడా కట్టమనండి. ఈ రంగంలో మూతపడ్డ కొట్లు చాలావరకు రుచి లేక మూతపడలేదు. నా దగ్గర సలహాకు వచ్చిన ఒక కుర్రాడు బైపాస్‌లో బిర్యానీ పాయింటు పెట్టాడు, బిర్యానీ బాగానే ఉండేది. పెరటాసిలో మాంసం మానేసేవాళ్లు మన జిల్లాలో ఎంతమందో లెక్కేసుకోకుండా అడ్వాన్సులన్నీ కట్టేశాడు. ఏడో నెల షట్టరు దించాడు.

పదిహేను రోజులయ్యాక ఆ పిల్ల ముఖం చూడండి. నాలుగింటికి మీకన్నా ముందు లేచి చెప్పులేసుకుని నిలబడితే నచ్చజెప్పే ప్రయత్నం మానేయండి. పదో రోజుకే నీరసపడితే మీరు కోరుకున్నదే జరిగినట్టు, నర్సింగ్ ఎక్కడికీ పోలేదు. (నర్సింగ్‌లో నిలబడే పని లేదనుకుంటున్నారా? రాత్రి షిఫ్టులు అక్కడా ఉన్నాయి.)

ఆడపిల్ల అన్నారు. ఆ భయం ఉత్తిది కాదు, కాబట్టి తోసిపుచ్చను. ట్రైనింగుకు వెళ్లే చోట రాత్రి షిఫ్టు అయ్యాక ఇంటిదాకా బండి పంపుతారా, హాస్టల్ ఎవరిది అని అడగండి. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఉన్నవాళ్ల పేర్లు చెప్పమంటే తడబడే హోటలుకు పంపొద్దు. ఇంకో చిక్కు మెల్లగా వస్తుంది. అమ్మాయిలు కదా అని కేకులు, సలాడ్ల వైపు తోసేస్తుంటారు. ఇష్టమైతే సరే, లేదంటే తందూరు, గ్రిల్ దగ్గర నన్నూ వేయండి అని నోరు తెరిచి అడగడం ఆమె నేర్చుకోవాలి.

రాత్రులు పడకపోతే వేరే దారులూ ఉన్నాయి. శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల క్యాంటీన్లు, ఆసుపత్రుల వంటశాలలు, వందలమందికి ఒకేసారి వండే కేటరింగు. తిరుమలలో అన్నప్రసాదం 1985లో రోజుకు రెండు వేలమందితో మొదలై ఇప్పుడు ఎంతదాకా వచ్చిందో మీరు చూస్తూనే ఉన్నారు. అంత వంటకు సరుకు, ఆవిరి, సమయం, శుభ్రత లెక్క చూడగలిగినవాళ్లు కావాలి. వండిన పదార్థాన్ని 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఎక్కువసేపు ఉంచకూడదని కాలేజీలో చెబుతారు. సాంబారు గిన్నె కింద మంట ఎందుకు ఆర్పరో మీ అమ్మాయికి ముందే తెలిసి ఉంటుంది, క్లాసులో ఆ మాట మిగతావాళ్లకన్నా తొందరగా ఎక్కుతుంది.

సొంత హోటల్ మాట ఇప్పుడు ఎత్తొద్దు. చదువయ్యాక కనీసం అయిదేళ్లు ఎవరి దగ్గరైనా చేయనివ్వండి, అందులో ఒక ఏడాది సరుకు కొనే స్టోర్స్‌లో. ఆ ఎకరం అప్పటికి పనికొస్తుంది.

సీటు వచ్చాక కొనాల్సినవాటి జాబితా ఇస్తారు. తెల్ల కోటు, టోపీ, కత్తులు, బూట్లు. మిగతావి ఎలాంటివి కొన్నా సర్దుకోవచ్చు. బూట్లు మాత్రం జారని అడుగు, మెత్తటి లోపలి అట్ట ఉన్నవి చూసి కొనండి. కొనే రోజు మీకూ ఒక జత తీసుకోండి. పిక్కల నరాలు ఒకసారి డాక్టరుకు చూపించండి, రుయా ప్రభుత్వాసుపత్రిలో ఓపీకి పొద్దున్నే వెళ్లాలి గనక ఆ రోజు పెనం ఇంకొకరికి అప్పగించండి.